కత్తితో కేకు కోసే విందు

విదేశాల్లో కాపురముంటున్న అమెరికన్ కుటుంబాలకు నవంబరు వస్తోందంటే ఒక సాయంత్రం కోసం హడావిడి మొదలవుతుంది. ఏడాదంతా బీరువాలో వేలాడిన పొడవాటి గౌను బయటికొస్తుంది. కోటు నడుము దగ్గర బిగుతైందేమోనని ఇంటాయన ఓసారి తొడిగి చూసుకుంటాడు. విందు చాలాచోట్ల పెద్దలకే పరిమితం కాబట్టి, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేందుకు ఓ మనిషిని మాట్లాడుకుంటారు.

అది మెరైన్ బాల్. అమెరికా రాయబార కార్యాలయాల్లో కాపలా విధుల్లో ఉండే మెరైన్ సైనికులు తమ దళం పుట్టినరోజుకు ఏటా ఇచ్చే విందు.

ఎంబసీ గేటు దగ్గర సంచులు తనిఖీ చేసేది వీళ్లేనని చాలామంది అనుకుంటారు. బయటి కాపలా సాధారణంగా స్థానిక గార్డులది. మెరైన్లు లోపల ఉంటారు. రహస్య పత్రాలను, పరికరాలను కాపాడటం వాళ్ల పని. సిబ్బంది ప్రాణరక్షణ కూడా వాళ్ల బాధ్యతే. ఈ ఏర్పాటు రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలైంది. తొలి బృందాలు 1949లో టాంజియర్, బ్యాంకాక్‌లకు వెళ్లాయి. ఈ కాపలా మెరైన్లలో ఎక్కువమంది పెళ్లికాని కుర్రవాళ్లు, సొంత ఊరికి వేల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు. అందుకే ఎంబసీ ఉద్యోగుల కుటుంబాలు, ఆ ఊళ్లో ఉన్న ఇతర అమెరికన్లు టికెట్టు కొని మరీ వస్తారు. ఇతర దేశాల దౌత్యవేత్తలూ అతిథులుగా కనిపిస్తారు.

ఈ దళం వయసు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కంటే ఎక్కువ. 1775 నవంబరు 10న అప్పటి అమెరికన్ వలసల ప్రతినిధి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ రెండు బెటాలియన్ల మెరైన్లను సమీకరించాలని తీర్మానించింది. అయినా 1921 దాకా పుట్టినరోజుగా జులై 11నే పాటించేవారు. ఆ ఏడాది దళాధిపతి జాన్ లెజూన్ 47వ నంబరు ఉత్తర్వు జారీచేసి అసలు తేదీని నిలబెట్టాడు. ఏటా ఆ రోజున తన ఉత్తర్వును చదివి వినిపించాలని కూడా అందులోనే ఆదేశించాడు. నేటికీ చదువుతున్నారు.

విందు ఏ పెద్ద హోటల్ హాల్లోనో జరుగుతుంది. హాలు దొరికే తీరును బట్టి తేదీ ఓ వారం ఇటూ అటూ కావచ్చు. ముందు జెండాలు లోపలికొస్తాయి, అందరూ లేచి నిలబడతారు. నీలం యూనిఫాంలో సైనికులు కేకును నడిపించుకొస్తారు. దాన్ని కోసేది సైనిక ఖడ్గంతో. తొలి ముక్క ముఖ్య అతిథికి, తర్వాతిది అక్కడున్న మెరైన్లలో అందరికంటే పెద్దాయనకు. ఆయన దాన్ని అందరికంటే చిన్నవాడికి అందిస్తాడు. వాళ్లిద్దరి పుట్టిన సంవత్సరాలు మైకులో చదువుతుంటే హాలంతా చప్పట్లు కొడుతుంది.

ఓ మూల ఒక్కరికే వడ్డించిన చిన్న బల్ల ఉంటుంది. అక్కడ ఎవరూ కూర్చోరు. యుద్ధంలో చనిపోయినవారికీ, ఆచూకీ తెలియకుండా పోయినవారికీ అది కేటాయించినది. ఎంబసీ ఉద్యోగుల కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. 1979లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని ఆక్రమించినప్పుడు బందీలైనవారిలో మెరైన్లున్నారు. 1998 ఆగస్టు 7న నైరోబీ ఎంబసీపై జరిగిన బాంబు దాడిలో రెండువందల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు కెన్యా పౌరులు; ఒక మెరైన్ సార్జెంటు కూడా ఉన్నాడు.

ఆ గంభీరత భోజనాల వరకే. తర్వాత పాటలు, డ్యాన్సు. రాయబారి భార్య, గుమాస్తా, ఇరవై ఏళ్ల సైనికుడు ఒకే వరసలో చిందేస్తారు. గల్ఫ్ దేశాల్లోని తెలుగువాళ్లకు జనవరి 26 ఉదయం మన ఎంబసీలో జెండా ఎగరేసి, రాష్ట్రపతి ప్రసంగం చదవడం అలవాటైన దృశ్యం. మెరైన్ బాల్‌లో మాత్రం ఆతిథ్యమిచ్చేది రాయబారి కాదు, ఆయన్ను కాపలా కాసే కుర్రవాళ్లు. తేడా అదే.

విదేశంలో ఉండే మీకూ ఎవరైనా అమెరికన్ మిత్రుడు ఇలాంటి పిలుపు పంపితే తప్పక వెళ్లండి. కార్డు మీద దుస్తుల గురించి ఏం రాశారో చదవండి, గుర్తింపు పత్రం వెంట ఉంచుకోండి, కేకు కోయడానికి ముందే చేరుకోండి. చూడవలసిందంతా మొదటి గంటలోనే ఉంటుంది.