హాస్యపు బొమ్మకార్డులు



నేటి ప్రసంగమునకు విషయము బొమ్మకార్డు. అందును నవ్వించుటకై అచ్చువేసినది. ఇది యల్పవిషయమని తోపవచ్చును. కాని మన అల్వాలున కిరుప్రక్కల, తిరుమలగిరిలోను బొల్లారములోను, ఆంగ్లసైన్యము విడిసియున్న కాలమున ఈ ప్రాంతమువా రెందరో దొరల బంగళాలలో బట్లరులై, వంటవారై, పంకా లాగువారై జీవించిరి. దొరలు తమ మిత్రులకు పంపికొని నవ్వుకొనిన బొమ్మలలో అట్టి సేవకులే కనబడుచుందురు. కావున ఆ నవ్వు ఎట్టిదో తెలిసికొనవలసిన పని మనకు కలదు.

కార్డు మొదట ఆస్ట్రియా-హంగరీ రాజ్యమున 1869 అక్టోబరు 1వ తేదీన పుట్టెను. హిందూదేశమున 1879 జూలై 1వ తేదీన కాలణా వెలతో వచ్చెను. ఆ కాలమున మనవారికి కార్డనగా అక్కరకు వచ్చు వస్తువే. శుభవార్తయైన మూలలకు పసుపు పూయుచుండిరి. అశుభవార్తయైన చదివిన వెంటనే చించి పారవేయుచుండిరి. తపాలా జవాను దారిలో చదివినను చదువును గనుక, గుట్టు మాటలు వ్రాయకుండిరి.

దొరల వాడుక వేరు. బ్రిటనులో 1894లో ప్రైవేటువారు అచ్చువేసిన బొమ్మకార్డులను తపాలాలో పంపుట కనుమతి దొరకెను. అప్పు డొకవైపు విలాసమునకే చెల్లుటచే, మాటలు బొమ్మ ప్రక్కనే ఇరికించి వ్రాయవలసివచ్చెడిది. 1902లో విలాసపు వైపును రెండుగా విభజించి, సగము వార్తకు విడిచిరి. అంతట రెండవవైపంతయు చిత్రకారుని పాలయ్యెను. అత్తగారు, త్రాగుబోతు, క్రొత్త దంపతులు, సముద్రస్నానము చేయు స్థూలకాయులు, వీరే పాత్రలు. చిత్రకారుడు సగము హాస్యము గీయును. తక్కిన సగమును పంపువాడు, ‘ఇది నీవే సుమా’ యని యొక ముక్క వ్రాసి పూరించును. అచ్చులో వేలకొలది వెలువడిన బొమ్మ ఆ ముక్కతో ఇద్దరు మిత్రుల సొంత సొత్తగును. ఇట్టి బొమ్మలకు పేరొందిన డొనాల్డు మెగిల్ 1904లో గీయ నారంభించెను. అర్ధశతాబ్దము తరువాత, 1954లో, లింకను పట్టణపు న్యాయస్థానము అసభ్యమని యతనికి 50 పౌనుల జరిమానా విధించెను. ఏండ్లతరబడి జనము కొని నవ్విన పిదప కలిగిన కోపమది!

మనదేశమున ఎం. వి. ధురంధరుడను చిత్రకారుడు 1903 ప్రాంతమున బొంబాయి వీథుల మనుష్యులను, వయ్యారి పనికత్తెలను కార్డులపై చిత్రించెను. మద్రాసులో ‘మాస్టర్స్’ అను వరుస వెలువడెను. అందు యజమాని లేని వేళ సేవకుడు ఆయన కుర్చీలో కాళ్లు చాచి కూర్చుండి ఆయన భోగములనే అనుభవించుచుండును. కొన్న దొర సేవకుని చూచి నవ్వెను, సందేహము లేదు. కాని మన పగటివేషగాడు దొరవేషము కట్టినప్పుడు నవ్వులపా లగువా డెవ్వడు? కుర్చీయు చుట్టయు నున్న చాలును, ఎవ్వడైనను దొరయే యగునని ఆ బొమ్మయే చెప్పుచున్నది. తాను ఇల్లు విడిచిన క్షణమున ఏమి జరుగునో యను భయము ఆ నవ్వులో దాగియున్నదని నా యభిప్రాయము.

ఇట్టి కార్డు లనేకము జర్మనీలో అచ్చుపడుచుండెను. 1914లో యుద్ధము రాగా ఆ దారి మూతపడెను. 1922లో మనదేశపు కార్డు వెల అర్ధణాకు పెరిగెను.

మీ పాత పెట్టెలలో అట్టి కార్డు దొరకినచో బిళ్ల నూడదీయకుడు. నిజాము రాజ్యమునకు 1950 వరకు వేరు తపాలా, వేరు బిళ్లలు నుండెను. దండులో ఆంగ్ల ప్రభుత్వపు తపాలా నడచెను. కావున బిళ్లను బట్టి అది ఏ తపాలాలో నడచెనో, ముద్రను బట్టి ఏ యూర, ఏ దినమున పడెనో తెలియును. బొమ్మను పిదప చూడవచ్చును. ముందుగా వెనుకనున్న చేవ్రాత చదువుడు. ఎవ్వరు, ఎవ్వరికి, ఎవ్వనిని గూర్చి నవ్వుచు వ్రాసిరో అందే యుండును.