సౌర ఫలకాలకు లక్షలు.. స్విచ్‌గేర్‌పై చిన్నచూపు
లెక్క తప్పితే మిట్టమధ్యాహ్నమే ఉత్పత్తికి గండి

మడికొండ: పైకప్పుపై సౌర విద్యుత్తు ఏర్పాటు చేసుకునే వ్యాపారులు ఫలకాల ధర, ఇన్వర్టరు నాణ్యత గురించి పదిమందిని ఆరా తీస్తారు. తయారైన విద్యుత్తును మీటరుకు చేర్చే బ్రేకర్లు, ఫ్యూజులు, స్విచ్‌ల ఎంపికను మాత్రం గుత్తేదారుకే వదిలేస్తుంటారు. మడికొండ పారిశ్రామికవాడలోని షెడ్ల వంటి విశాలమైన కప్పులు సౌర విద్యుత్తుకు అనువైనవే. అయితే స్విచ్‌గేర్ సామర్థ్యం లెక్క తప్పితే ఉత్పత్తి నష్టపోవడమే కాదు, అగ్ని ప్రమాదాలకూ ఆస్కారం ఉంటుంది.

ఆంపియర్ల లెక్క ఇలా..

ఉదాహరణకు ఒక షెడ్డుపై 50 కిలోవాట్ల ఇన్వర్టరు పెట్టారనుకుందాం. త్రీఫేజ్‌లో 415 వోల్టుల వద్ద అది సుమారు 70 ఆంపియర్ల కరెంటు ఇస్తుంది. 80 ఆంపియర్ల బ్రేకరు సరిపోతుందని అనిపించడం సహజం. కానీ ఎండ బాగా ఉన్న రోజు ఇన్వర్టరు గంటల తరబడి దాదాపు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. అందుకే 70ని 1.25తో హెచ్చించాలి. వచ్చేది 87.5. ఆపై లభించే 100 ఆంపియర్ల ఎంసీసీబీని ఎంచుకోవాలి. ఇన్వర్టరు పలకపై గరిష్ఠ కరెంటు 70 కంటే ఎక్కువగా రాసి ఉంటే ఆ అంకెతోనే లెక్క వేయాలి.

ఎండల ప్రభావం

ఎంసీసీబీల సామర్థ్యాన్ని సాధారణంగా 40 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద నిర్ణయిస్తారు. మే నెలలో ఓరుగల్లు ఎండలకు రేకుల కింద ఉన్న పెట్టెలో వేడి అంతకంటే ఎంతో ఎక్కువ. దాంతో బ్రేకరు ముందుగానే ట్రిప్ అవుతుంది. ఉత్పత్తి బాగా ఉన్న వేళ గంటసేపు ఆగినా 40 యూనిట్ల వరకు నష్టం. సెలవు రోజైతే గమనించేవారే ఉండరు. పెట్టెను నీడలో, గాలి ఆడేచోట అమర్చాలి. అలాగని ఇష్టం వచ్చినంత పెద్ద బ్రేకరు పెట్టడం మరింత ప్రమాదం. కేబుల్ మోయగల కరెంటు కంటే బ్రేకరు పెద్దదైతే, అది ట్రిప్ కాకముందే కేబుల్ కాలిపోతుంది.

షార్ట్ సర్క్యూట్‌ను తట్టుకోవాలి

250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు సుమారు 333 ఆంపియర్లు. ఇంపెడెన్స్ 4.5 శాతమైతే దాని సమీపంలో షార్ట్ సర్క్యూట్ జరిగినపుడు దాదాపు 7,400 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 6 కిలోఆంపియర్ల ఎంసీబీ అక్కడ పేలిపోవచ్చు. కనీసం 10 కిలోఆంపియర్ల సామర్థ్యం అవసరం.

డీసీకి వేరే స్విచ్

ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు చేరుతుంది కనుక స్విచ్ తెరిచినపుడు పుట్టే మంట వెంటనే ఆరిపోతుంది. డీసీలో ఆ వీలు లేదు. 50 వోల్టుల ఫలకాలు 18 వరుసగా కలిపితే 900 వోల్టులు. చలికాలపు ఉదయం ఇది 930 వరకు పెరుగుతుంది. కాబట్టి డీసీ కోసమే తయారైన 1,000 వోల్టుల స్విచ్ ఉండాలి. అక్కడ ఏసీ ఎంసీబీ వాడటం నిప్పుతో చెలగాటమే.

లైన్‌మన్ ప్రాణం

సరఫరా నిలిచిపోగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి. దీనికి తోడు చేతితో తెరిచే ఐసొలేటర్ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనలు చెబుతున్నాయి. తెరిచి ఉన్నట్లు కంటికి కనిపించాలి, తాళం వేసే వీలుండాలి, విద్యుత్ సిబ్బంది ఏ వేళనైనా చేరుకోగలగాలి. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు అదే భరోసా.

ఒప్పందానికి ముందే అడగండి

బ్రేకరు ఆంపియర్లు, షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం, డీసీ వోల్టేజీ, కేబుల్ సైజు.. ఈ నాలుగింటినీ లెక్కలతో సహా గుత్తేదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫలకాలు పాతికేళ్లు పనిచేయాలంటే ఈ కాగితం ఒక్కటీ దగ్గరుండాలి.