క్యాంపస్ వైఫై - మన ఫోను, మన పేరు, మన బాధ్యత

మన హాస్టల్ నుంచి ప్రతి ఏడూ కొందరు తమ్ముళ్ళు యూనివర్సిటీ మెట్లు ఎక్కుతున్నారు. ట్రంకు పెట్టె దించుకున్న మొదటి వారంలోనే వాళ్ళు మాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇక్కడ వైఫై ఉందంట. పాస్‌వర్డ్ కొడితే తీసుకోవట్లేదు. ఏం చేయాలె?" చదువు గురించో, మెస్ గురించో అడుగుతారనుకుంటే ముందు ఇదే అడుగుతున్నారు. ఇందులో తప్పేమీ లేదు. ఇవాళ హాల్ టికెట్, ఫీజు రసీదు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, లైబ్రరీ పుస్తకాలు అన్నీ నెట్ మీదే. రీచార్జ్ అయిపోయిన రోజున మనలాంటి వాళ్ళకు క్యాంపస్ వైఫై ఒక్కటే దిక్కు.

అందుకే పాత విద్యార్థులమైన మేము కొందరం కూర్చుని, మేము పడ్డ తిప్పలు, నేర్చుకున్న సంగతులు కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం. కంప్యూటర్ చదువు చదవని వాళ్ళకు కూడా అర్థం కావాలన్నదే మా ప్రయత్నం.

ఇంటి వైఫై వేరు, క్యాంపస్ వైఫై వేరు

ఇంట్లోనో, నెట్ సెంటర్‌లోనో ఉండే వైఫైకి ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది. అది తెలిసిన వాళ్ళందరూ వాడుకోవచ్చు. ఒకే తాళం చెవికి పది నకళ్ళు చేయించి పంచినట్టు. ఇంట్లో నలుగురికి అది చాలు. వేలమంది ఉండే యూనివర్సిటీలో అలా కుదరదు. ఒకరు చదువు ముగించి వెళ్ళిపోతే, ఆ పాస్‌వర్డ్ మార్చి మళ్ళీ వేలమందికీ చెప్పాలి. అందుకని అక్కడ ప్రతి విద్యార్థికీ వేరుగా ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్ ఇస్తారు. ఇంటి వైఫైలో ఒకే గడి నింపితే సరిపోయేది, ఇక్కడ ఐదారు గడులు కనిపించడానికి కారణం ఇదే. మన తమ్ముళ్ళు తడబడేది కూడా ఇక్కడే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కొన్ని క్యాంపస్‌లలో వైఫై పాస్‌వర్డ్ లేకుండానే కలుస్తుంది, కానీ నెట్ రాదు. బ్రౌజర్‌లో ఒక లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. అందులో వివరాలు ఇచ్చాకే నెట్ వస్తుంది. మీ క్యాంపస్‌లో ఉన్నది ఏ పద్ధతో ముందు తెలుసుకోండి.

గేటు, వాచ్‌మన్, వార్డెన్ రిజిస్టరు

లోపల జరిగేది మన హాస్టల్ లెక్కలోనే చెప్పుకుందాం. వరండా గోడకు బిగించిన వైఫై పెట్టె గేటు దగ్గరి వాచ్‌మన్ వంటిది. అతని దగ్గర పిల్లల పేర్లుండవు. రిజిస్టరు ఉండేది వార్డెన్ గదిలో. యూనివర్సిటీలో ఆ రిజిస్టరు ఉంచుకునే కంప్యూటర్‌ను రేడియస్ సర్వర్ అంటారు. మీ ఫోన్ వచ్చి నిలబడగానే వాచ్‌మన్ గేటు తీయడు. మీరు ఇచ్చిన సీలు కవరును వార్డెన్ దగ్గరికి మోసుకుపోతాడు. ఆ కవరులో ఏముందో అతనికి కనిపించదు. వార్డెన్ రిజిస్టరు చూసి "మన పిల్లవాడే" అంటేనే గేటు తెరుచుకుంటుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన ప్రశ్న ఉంది. వార్డెన్‌నని చెప్పుకునే మనిషి నిజంగా వార్డెనేనా? ఎవరైనా ఒక చిన్న పెట్టె తెచ్చి, దానికి మీ యూనివర్సిటీ వైఫై పేరే పెట్టి, బస్ స్టాప్ దగ్గర ఆన్ చేయవచ్చు. పేరు చూసి మోసపోయిన ఫోన్ తన వివరాలను అటు పంపేస్తుంది. దీన్ని ఆపడానికే సర్టిఫికెట్ ఉన్నది. సర్వర్ ముందుగా తన సర్టిఫికెట్ చూపాలి. అది సరైనదని మీ ఫోన్ నిర్ధారించుకున్న తరువాతే పాస్‌వర్డ్ సంగతి మొదలవుతుంది. అంటే పరీక్ష మనకొక్కరికే కాదు, అటువైపు కూడా ఉంది.

గడులు నింపే పద్ధతి

ముందుగా కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళి నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోండి: వైఫై పేరు, మీ పూర్తి యూజర్ నేమ్, సర్వర్ డొమైన్ పేరు, సర్టిఫికెట్ ఏది ఎంచుకోవాలన్నది. ఆ తరువాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇలా చేయండి.

1. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, మీ క్యాంపస్ పేరు మీద నొక్కండి.

2. ఈఏపీ పద్ధతి అన్నచోట సాధారణంగా పీఈఏపీ ఉంటుంది. రెండో దశ అన్నచోట ఎంఎస్‌చాప్ వి2 ఉంటుంది. మీ కాగితంలో వేరే రాసి ఉంటే దాన్నే పాటించండి.

3. సీఏ సర్టిఫికెట్ దగ్గర కాగితంలో చెప్పినది ఎంచుకోండి. చాలాచోట్ల "సిస్టమ్ సర్టిఫికెట్లు వాడు" అన్నది సరిపోతుంది. కొన్నిచోట్ల యూనివర్సిటీ ఇచ్చిన ఫైలును ముందుగా ఫోన్‌లోకి ఎక్కించుకోవాలి.

4. డొమైన్ గడిలో సర్వర్ పేరు అక్షరం పొల్లు పోకుండా రాయండి.

5. ఐడెంటిటీ అంటే మీ యూజర్ నేమ్. చాలాచోట్ల హాల్ టికెట్ నంబరు ఒక్కటే చాలదు. దాని తరువాత 'ఎట్' గుర్తు, యూనివర్సిటీ పేరు కూడా ఉండాలి. తమ్ముళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. చివర పొరపాటున ఖాళీ పడినా లోపలికి రానివ్వదు.

6. అనానిమస్ ఐడెంటిటీ గురించి కాగితంలో ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయండి. పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ నొక్కండి.

సీనియర్లు కొందరు "సర్టిఫికెట్ దగ్గర వ్యాలిడేట్ చేయవద్దు అని పెట్టెయ్‌రా, అయిపోతుంది" అంటారు. పాత ఫోన్లలో అది పని చేస్తుంది, నిజమే. కానీ అలా పెట్టడమంటే వార్డెన్ ఎవరైనా ఫరవాలేదని ఒప్పుకోవడమే. ఈ ప్రమాదం వల్లనే 2020 చివర నుంచి కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వీలును తీసివేస్తూ వచ్చారు. ఐఫోన్‌లో ఇన్ని గడులుండవు. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాక సర్టిఫికెట్ చూపించి "నమ్ముతారా" అని అడుగుతుంది. అందులో కనిపించే పేరు కాగితంలోని పేరుతో సరిపోతేనే ఒప్పుకోండి. విండోస్ లాప్‌టాప్ కూడా మొదటిసారి అలాగే అడుగుతుంది.

తిప్పలు, వాటి మందులు

తేదీ తప్పు: మనలో చాలామంది మొదటి ఫోన్ సెకండ్ హ్యాండ్‌ది. బ్యాటరీ పూర్తిగా పడిపోయి మళ్ళీ వెలిగినప్పుడు కొన్నింటిలో తేదీ ఏళ్ళ వెనక్కు పోతుంది. ప్రతి సర్టిఫికెట్‌కూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంటే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది. ముందు తేదీ, సమయం సరిచేయండి.

పాస్‌వర్డ్ మార్చాక నెట్ పోవడం: మీరు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఫోన్, లాప్‌టాప్ పాతదాన్నే పదే పదే పంపుతుంటాయి. ఎక్కువసార్లు తప్పు పడితే కొన్నిచోట్ల అకౌంటు తాత్కాలికంగా ఆగిపోతుంది. అన్నింటిలోనూ ఆ వైఫైని "ఫర్గెట్" చేసి కొత్తగా కలపండి.

మ్యాక్ అడ్రస్: ప్రతి ఫోన్ వైఫైకి 48 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. దాన్ని 12 అక్షరాలుగా రాస్తారు. కొన్ని క్యాంపస్‌లలో ఈ సంఖ్యను నమోదు చేస్తేనే నెట్ ఇస్తారు. అయితే 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు సంఖ్య దాచి, కల్పిత సంఖ్య చూపడం మొదలుపెట్టాయి. బజారులో ఎవరూ మన వెంట పడకుండా ఉండటానికి అది మంచిదే. కానీ నమోదు చేసిన సంఖ్య ఒకటి, ఫోన్ చూపేది మరొకటి అయితే గేటు తెరుచుకోదు. ఆ ఒక్క వైఫైకి మాత్రం "ఫోన్ మ్యాక్ వాడు" అని పెట్టుకోండి. ఐఫోన్‌లో "ప్రైవేట్ వైఫై అడ్రస్" ఆపాలి.

లాగిన్ పేజీ రాకపోవడం: మొబైల్ డేటా ఆపండి. వీపీఎన్ ఉంటే ఆపండి. ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకుని ఉంటే కొద్దిసేపు తీసేయండి. అప్పటికీ రాకపోతే వైఫై ఆపి మళ్ళీ కలపండి.

సిగ్నల్ ఉన్నా నెట్ నత్తనడక నడవడం: వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బాటలు బాగా వాడుకలో ఉన్నాయి. మొదటిది దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కానీ అందులో ఒకదానికొకటి అడ్డం రాని దారులు మూడే: 1, 6, 11. హాస్టల్ గదుల్లో ప్రతివాడూ హాట్‌స్పాట్ పెడితే అందరూ ఆ మూడు దారుల్లోనే తోసుకోవాలి. రెండోది వేగంగా ఉంటుంది, గోడలు దాటడంలో బలహీనం. తక్కువ ధర పాత ఫోన్లలో రెండోది ఉండకపోవచ్చు. ఏదైనా పెద్ద ఫైలు దింపుకోవాలంటే వైఫై పెట్టె కనిపించేచోట కూర్చోండి. అవసరం లేని హాట్‌స్పాట్‌లు ఆపండి.

పరాయి క్యాంపస్‌లోనూ మన పేరే

కొన్ని యూనివర్సిటీల్లో 'ఎడ్యురోమ్' అనే వైఫై పేరు కనిపిస్తుంది. 2000ల మొదట్లో యూరప్‌లో మొదలైన ఏర్పాటు ఇది. ఇప్పుడు 100కు పైగా దేశాలలో ఉంది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ ఇండియా నిర్వహిస్తోంది. ఇందులో చేరిన ఏ క్యాంపస్‌కు వెళ్ళినా మీ సొంత యూనివర్సిటీ పేరు, పాస్‌వర్డ్‌తోనే నెట్ వస్తుంది. ఆటల పోటీలకు వేరే హాస్టల్ పిల్లవాడు వస్తే, మన వార్డెన్ వాళ్ళ వార్డెన్‌కు ఫోన్ చేసి "ఈ అబ్బాయి మీవాడేనా" అని అడిగినట్టే. 'ఎట్' గుర్తు తరువాత ఉన్న పేరును బట్టి ఎవరిని అడగాలో తెలుస్తుంది. అందుకే అది రాయకపోతే పని జరగదు.

సెమినార్లకు వెళ్ళేవారు, పై చదువులకు వేరే దేశం వెళ్ళే మన పూర్వ విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సొంత క్యాంపస్‌లో ఉండగానే ఫోన్‌లో అన్నీ అమర్చి, ఒకసారి పని చేస్తోందో లేదో చూసుకుని బయలుదేరాలి. 'గెట్ ఎడ్యురోమ్' అనే యాప్‌లో మీ యూనివర్సిటీ పేరు ఉంటే, గడులన్నీ అదే సరిగా నింపుతుంది.

అసలు తీగ లేకుండా కంప్యూటర్ల మధ్య సమాచారం పంపడమన్నది పుట్టిందే ఒక క్యాంపస్‌లో. హవాయి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపింది. దానికి అలోహానెట్ అని పేరు. దూరంగా ఉన్న విద్యార్థులకు కూడా కంప్యూటర్ అందాలన్నది అందులోని ఉద్దేశం. ఆ కోరిక మనదే కదా!

పాస్‌వర్డ్ అప్పు ఇవ్వకండి

మాలో ఒకరి అనుభవం చెప్పి ముగిస్తాం. మొదటి సెమిస్టర్‌లో పక్క గది మిత్రుడు అడిగితే కాదనలేక తన లాగిన్ ఇచ్చాడు. కలిసి తిన్నవాళ్ళం, కలిసి పడుకున్నవాళ్ళం, ఈపాటి దానికి లేదంటే ఏం బాగుంటుంది అనుకున్నాడు. ఆ లాగిన్ ఒకరి నుంచి ఒకరికి పోయింది. ఎవరో చేయకూడని డౌన్‌లోడ్‌లు చేశారు. రిజిస్టరులో ఉన్నది మనవాడి పేరే కాబట్టి అకౌంటు ఆపేశారు. పరీక్ష ఫీజు కట్టే పేజీకి కూడా అదే లాగిన్. గడువు రెండు రోజులే ఉంది. క్షమాపణ ఉత్తరం రాసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, అకౌంటు తెరిపించేసరికి గడువు దాటింది. అపరాధ రుసుము కట్టాడు. ఆ డబ్బు ఇంటి దగ్గర అమ్మ కూలికి వెళ్ళి పంపిన డబ్బు. ఎవరు వాడారో ఈనాటికీ తెలియదు.

కాబట్టి తమ్ముళ్ళూ, అన్నం పంచుకోండి, నోట్సు పంచుకోండి, పాస్‌వర్డ్ మాత్రం పంచుకోకండి. చాలా యూనివర్సిటీల్లో మెయిలు, మార్కులు, ఫీజు అన్నింటికీ అదొక్కటే తాళం. ఎవరికైనా నెట్ అవసరమైతే వాళ్ళ లాగిన్ తెరిపించడానికి తోడు వెళ్ళండి. అదే నిజమైన స్నేహం. ఫోన్ పోతే ఆ రోజే పాస్‌వర్డ్ మార్చండి.

చివరిగా ఒక మాట. కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళి అడగడానికి మొహమాటపడకండి. మంచి ఇంగ్లీషు రాదని వెనకాడకండి. ఫోన్ మోడల్ ఏది, ఎక్కడ కూర్చుని ప్రయత్నించారు, ఏ సమయానికి, తెర మీద ఏ మాట వచ్చింది - ఈ నాలుగూ చెబితే చాలు. సమయం చెబితే వాళ్ళు సర్వర్‌లో వెతికి పొరపాటు ఎక్కడో పట్టుకోగలరు. మేము మొదట్లో ఎవరిని అడగాలో తెలియక నెల రోజులు నెట్ లేకుండా గడిపాం. ఆ నెల మీకు రాకూడదు. ఆ వైఫై ఎవరి దయా కాదు, అక్కడ సీటు సంపాదించుకున్న ప్రతి విద్యార్థికీ ఉన్న హక్కు. తల ఎత్తుకుని వెళ్ళి అడగండి.