అలాస్కా కొండల్లో తెల్ల పొట్టేలు జాడ

అలాస్కాలో చాలా ప్రాంతాల్లో డాల్ గొర్రెల వేట ఆగస్టు 10న మొదలై సెప్టెంబర్ 20తో ముగుస్తుంది. ఈ వేటలో తుపాకీ పేలితే ఒక్కసారి పేలుతుంది, చాలామందికి ఆ ఒక్కసారి కూడా ఉండదు. మిగిలిన కాలమంతా వెతకడమే. కొండ ఎక్కకముందు నెలల తరబడి పటాలు ముందేసుకుని కూర్చోవాలి, ఎక్కాక గంటల తరబడి ఒకేచోట కూర్చుని ఎదుటి వాలును చూడాలి. వేట మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఈ వెతుకులాట వెనకున్న విజ్ఞానం తెలుసుకోదగ్గది. గొర్రె ఎక్కడుంటుందో చెప్పాలంటే దాని కాలు, కన్ను, కడుపు ఎలా పనిచేస్తాయో తెలిసుండాలి.

డాల్ గొర్రె ఒళ్లంతా తెలుపు. అలాస్కాతో పాటు కెనడాలోని యూకాన్, వాయవ్య ప్రాంతాలు, బ్రిటిష్ కొలంబియా ఉత్తర కొసల్లో ఉంటుంది. బాగా ఎదిగిన పొట్టేలు 130 కిలోల దాకా తూగుతుంది, ఆడది అందులో సుమారు సగం. తోడేళ్లు దానికి ప్రధాన శత్రువులు. పిల్లల్ని బంగారు గద్దలు కూడా ఎత్తుకుపోతాయి. సమతలం మీద తోడేలుతో పరుగు పందెం గొర్రె గెలవలేదు. నిట్టనిలువు బండల మీద మాత్రం తోడేలే ఓడిపోతుంది. గొర్రె గిట్ట అంచు గట్టిగా ఉండి రాతి పగుళ్లలో పట్టు దొరకబుచ్చుకుంటుంది, లోపలి మెత్తటి భాగం బండ మీద జారకుండా ఆపుతుంది. అందుకే అది మేత కోసం పచ్చికలోకి వచ్చినా, నాలుగు గంతుల్లో చేరుకోగల బండలు పక్కనే ఉండేలా చూసుకుంటుంది.

పటం మీద వెతుకులాట ఇక్కణ్నుంచే మొదలవుతుంది. సమోన్నత రేఖలు ఒకదానికొకటి అంటుకున్నట్టుంటే అక్కడ నిలువు బండలు, ఎడంగా ఉంటే పచ్చిక. ఉత్త బండల్లో మేత ఉండదు, ఉత్త పచ్చికలో రక్షణ ఉండదు. గొర్రె కావాలంటే ఈ రెండూ కలిసే అంచు చూడాలి. అలాస్కా కొండలకు చాలాకాలంగా వాడుతున్న పటాల కొలమానం 1:63,360, అంటే పటం మీద ఒక అంగుళం నేల మీద ఒక మైలు. వాటిలో చాలాచోట్ల రేఖకూ రేఖకూ మధ్య 100 అడుగుల ఎత్తు తేడా. 80 అడుగుల నిలువు బండ ఆ రెండు రేఖల మధ్య పడిందంటే పటంలో దాని ఆనవాలే ఉండదు. గొర్రెకు ఆ బండ చాలు, మనిషి దారి మూసుకుపోవడానికీ అదే చాలు. ఉపగ్రహ చిత్రాలతో తయారైన ఆర్కిటిక్‌డెమ్ అనే ఎత్తుల పటం ఇప్పుడు రెండు మీటర్ల వివరంతో అందుబాటులో ఉంది. అలాంటి బండలు అందులో చాలావరకు బయటపడతాయి. కానీ రాయి గట్టిదా, చేయి వేస్తే ఊడొచ్చేదా అన్న సంగతి ఏ పటమూ చెప్పదు. విరిగిపడ్డ రాళ్లు సుమారు 35 డిగ్రీల వాలులో పేరుకుని నిలుస్తాయి. అంతకుమించి నిలబడలేవు గనక, ఆ వాలు మీద ప్రతి అడుగూ కిందికి జారుతుంది.

గొర్రె కనిపించగానే పొట్టేలు దొరికినట్టే అనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వచ్చే జతకట్టే కాలం తప్పిస్తే మగవీ ఆడవీ వేర్వేరు మందలుగా బతుకుతాయి. మే చివరి నుంచి జూన్ మధ్య దాకా ఈనే తల్లులు అతి దుర్గమమైన బండల్ని ఎంచుకుంటాయి, ఆ తర్వాత కూడా పిల్లలతో వాటి దగ్గర్లోనే తిరుగుతాయి. పొట్టేళ్ల గుంపు వేరే లోయలో ఉండొచ్చు. చలికాలంలో గాలి మంచును ఊడ్చేసిన గట్ల మీద ఎండుగడ్డి కోసం చేరతాయి. వేసవిలో ఉప్పుమట్టి కోసం మైళ్ల దూరం నడిచి వెళ్తాయి. ఆగస్టు ఎండకు మిగిలిన మంచు మరకల పక్కన, బండల నీడన పడుకుంటాయి. ఏళ్ల తరబడి వాడిన దారులు రాళ్ల వాలు మీద సన్నటి లేతగీతల్లా దూరానికే కనిపిస్తాయి.

ఈ జ్ఞానంలో మంచి భాగం ఇద్దరు మనుషుల ఓపిక వల్ల వచ్చింది. చార్లెస్ షెల్డన్ వేటగాడు, ప్రకృతి పరిశీలకుడు కూడా. 1906లో డెనాలి ప్రాంతానికి గొర్రెల కోసమే వెళ్లాడు. 1907-08 చలికాలమంతా టోక్లాట్ నది ఒడ్డున చెక్క ఇంట్లో గడిపాడు. మాంసం అమ్మకానికి వేటాడేవాళ్ల చేతిలో ఈ గొర్రెలు తరిగిపోతాయని గ్రహించి, జాతీయ పార్కు కోసం పట్టుబట్టాడు. 1917లో ఆ పార్కు ఏర్పడింది. తర్వాత అక్కడే అడాల్ఫ్ మ్యూరీ తోడేళ్లను, గొర్రెలను కలిపి అధ్యయనం చేసి 1944లో ఫలితాలు అచ్చువేశాడు. కొండల్లో పడి ఉన్న ఆరు వందలకు పైగా పుర్రెలు ఏరి, వాటి వయసు లెక్కగట్టాడు. తోడేళ్లకు ఎక్కువగా చిక్కేవి మరీ చిన్నవి, బాగా ముసలివి, బలహీనపడ్డవి అని తేలింది. బలంగా ఉన్న గొర్రెలు చాలావరకు తోడేళ్ల నుంచి తప్పించుకుంటాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక ఎదుటి వాలును చూడటం. గొర్రె కంటిపాప అడ్డంగా సాగిన చీలికలా ఉంటుంది. దానివల్ల నేలకు సమాంతరంగా చుట్టూ విశాలంగా కనిపిస్తుంది. మేస్తూ తల వంచితే పాప కూడా వంగిపోవాలి కదా? అలా జరగదు. తల వంగినప్పుడు కళ్లు గూళ్లలోనే 50 డిగ్రీలు, అంతకుమించి కూడా తిరిగి, పాపను మళ్లీ నేలకు సమాంతరంగా తెస్తాయని పెంపుడు గొర్రెలు, మేకలు, గుర్రాల మీద జరిగిన పరిశోధన 2015లో చూపించింది. మేతలో ఉన్న గొర్రె ఏమరుపాటుగా ఉందనుకోవడం అందుకే తప్పు. అయితే అపాయం చాలావరకు కిందినుంచే వస్తుంది కాబట్టి అది ఎక్కువసేపు కిందికే చూస్తుంది. గాలి కూడా దానికి సాయం. పగటి ఎండకు వేడెక్కిన వాలు మీద గాలి పైకి ఎగబాకుతుంది, రాత్రి చల్లబడి కిందికి దిగుతుంది. పగలు కిందినుంచి వచ్చే మనిషి వాసన అతనికంటే ముందే పైకి చేరుతుంది. చుట్టుతిరిగి పైనుంచి దిగేవాడికి గాలీ చూపూ రెండూ కలిసొస్తాయి.

గొర్రెలు తెల్లవారుజామునా సాయంత్రమూ ఎక్కువగా మేసి, మధ్యాహ్నం పడుకుని నెమరు వేస్తాయి. కదలని తెల్లటి చుక్క మంచు మరకో, తెల్లరాయో, గొర్రో తేల్చడం కష్టం. గొర్రె తెలుపులో లేత పసుపు ఛాయ ఉంటుంది, అదొక్కటే ఆధారం. బైనాక్యులర్‌తో వాలును పట్టీలు పట్టీలుగా విభజించి చూసి, అనుమానమున్న చోట స్పాటింగ్ స్కోపు అనే చిన్న దుర్భిణి పెడతారు. ఎండ ముదిరాక వేడిగాలి అలలకు బొమ్మ వణికిపోతుంది, అప్పుడు ఎంత పెద్ద స్కోపైనా వృథా. కొన్ని అడుగులు పక్కకు జరిగి చూస్తే అంతదాకా మడతలో దాగిన గొర్రె బయటపడటం మామూలే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణుల చట్టం అడవి గొర్రెల వేటను నిషేధించింది. కానీ లడాఖ్, స్పితి కొండల్లో మంచు చిరుత తినే జంతువుల్ని లెక్కించేవాళ్లకు పని ఇదే. ఇద్దరు విడివిడిగా ఒకే లోయను చూస్తారు. ఒకరికి 8 మందలు, ఇంకొకరికి 10 కనిపించి, అందులో 7 ఇద్దరికీ కనిపించినవైతే, 8ని 10తో గుణించి 7తో భాగిస్తే సుమారు 11.4. ఇద్దరూ కలిపి చూసినవి 11 కాబట్టి, తప్పిపోయినవి దాదాపు లేనట్టే. ఇలా ఇద్దరి కంటా పడని మందలనూ అంచనా వేయొచ్చు.

అలాస్కాలో విమానం దిగినవాడు మర్నాడు తెల్లవారుజాము మూడు దాటేదాకా ఈ గొర్రెను వేటాడకూడదు. 2015 నుంచి వేట కాలంలో వేటకోసం విమానంలో తిరిగి గొర్రెలు వెతకడం కూడా నిషేధించారు. సరైన పని చేశారు. బండల్ని నమ్ముకుని బతికే జంతువుకు ఆకాశం నుంచి దాక్కునే చోటు లేదు.

పొట్టేలు కనిపించాక అసలు పరీక్ష మొదలవుతుంది. చాలాచోట్ల చట్టం ఒప్పుకునేది మూడు రకాలనే: పక్కనుంచి చూస్తే కొమ్ము పూర్తి వలయం తిరిగినది, రెండు కొమ్ముల కొసలూ విరిగినది, కనీసం ఎనిమిదేళ్లు నిండినది. చలికాలంలో కొమ్ము ఎదుగుదల ఆగి ఏటా ఒక గీత పడుతుంది. మన సంతల్లో రైతులు ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పినట్టు, ఇక్కడ ఈ గీతలు లెక్కపెడతారు. కాకపోతే దాన్ని తాకకుండా, వందల గజాల దూరం నుంచి. కొసన ఉండే తొలి గీత అరిగిపోయి ఉండొచ్చు, నడుమ దొంగగీతలూ ఉంటాయి. సందేహముంటే వదిలేయడం ఒక్కటే దారి.

తిరుగుదారి కూడా ముందే చూసుకోవాలి. హిమానీనదాల నుంచి వచ్చే ఏర్లు తెల్లవారుజామున తక్కువగా ఉండి, మంచు కరిగేకొద్దీ సాయంత్రానికి ఉబ్బుతాయి. పొద్దున మోకాలి లోతున దాటిన ఏరే మాంసం మోపుతో వచ్చేసరికి నడుము దాటొచ్చు.

ఇటీవలి ఏళ్లలో అలాస్కాలో ఈ గొర్రెలు బాగా తగ్గాయి. కఠినమైన చలికాలాలు ముఖ్య కారణం. మంచు మీద వాన పడి గడ్డకడితే కింది గడ్డి మీద మంచుగడ్డ పెంకులా బిగుసుకుంటుంది, గిట్టలతో గీరినా మేత అందదు. అలాంటి ఏడు మొదట పోయేవి పిల్లలు. పూర్తి కొమ్ము తిరగడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది కాబట్టి, ఆ లోటు వేటగాడి స్కోపులో కనిపించేసరికి అన్నేళ్లూ గడిచిపోతాయి. అందుకే అలాస్కా వన్యప్రాణి శాఖ విమాన సర్వేల్లో పెద్ద పొట్టేళ్లతో పాటు ఆ ఏటి పిల్లల్ని కూడా విడిగా లెక్కిస్తుంది.