సోలార్ సబ్సిడీ: మా ఇంటి లెక్క, మామ ఇంటి లెక్క

పోయిన మే నెలలో, గుడియాత్తం గంగమ్మ సిరసు పండగకు వారం ముందు, ఒకాయన మా ఇంటికొచ్చాడు. "సెంట్రల్ గవర్నమెంటు సబ్సిడీలో సోలార్ హీటరు ఇస్తా ఉన్నారమ్మా. మీరు సగం కడితే చాలు, మిగతాది మేం గవర్నమెంటు దగ్గర తీసుకుంటాం" అన్నాడు. అమ్మ చీటీ డబ్బుల్లోంచి ఐదువేలు అడ్వాన్సు ఇచ్చేసింది. ఆయన మళ్ళీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆ ఐదువేలు పోయాకే నేను ఈ సంగతంతా కూర్చొని చదివాను. మన క్లాసులో ఇంకో ఇద్దరి ఇళ్ళకు కూడా ఇలాంటి వాళ్ళే వచ్చారని తెలిసి ఇక్కడ రాస్తున్నాను.

వేణ్ణీళ్ళ హీటరుకు సబ్సిడీ ఉందా?

ఒకప్పుడు ఉండేది. 2010లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ కింద సోలార్ హీటర్లకు 30 శాతం దాకా సబ్సిడీ ఇచ్చారు. 2014లో కేంద్రం దాన్ని ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "కేంద్ర సబ్సిడీ హీటరు" అంటే అక్కడే ఆపి, ఏ పథకం అని అడగండి.

అంతమాత్రాన హీటరు చెడ్డదేం కాదు. గాజు గొట్టాల్లో నీళ్ళు వేడెక్కి తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చన్నీళ్ళు కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. మన వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రాగి గొట్టాల్లో గార పేరుకుంటుంది. అందుకే గాజు గొట్టాల రకం మేలు. కానీ 2 కిలోవాట్ల గీజరు రోజుకు అరగంట వేస్తే కాలేది ఒక్క యూనిట్టే, రెండు నెలలకు 60. వేలూరు ఎండాకాలంలో కొళాయి తిప్పితేనే వేణ్ణీళ్ళు వస్తాయి కదా! గీజరు కూడా లేని మా ఇంటికి హీటరుతో మిగిలేది చాలా తక్కువ.

మరి సబ్సిడీ దేనికుంది?

మిద్దెపైన కరెంటు తయారుచేసే సోలార్ పలకలకు ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడోదానికి 18,000 ఇస్తారు. మొత్తం 78,000 మించదు. అంటే నాలుగు కిలోవాట్లు పెట్టినా అదే 78,000. నాలుగోదానికి మన చేతి డబ్బే.

ముఖ్యమైన మాట ఇది: పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, ఈబీ వాళ్ళు వచ్చి చూసిన తర్వాతే ఆ డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. మధ్యవర్తి చేతికి పోదు. మొదట ఖర్చంతా మనమే పెట్టాలి, లేదా బ్యాంకు లోను తీసుకోవాలి. పథకం వెబ్‌సైటులో నమోదైన కంపెనీ చేతనే చేయించాలి. పలకలు మన దేశంలో తయారైనవై ఉండాలి.

ఎవరికి లాభం?

ఇక్కడే నేనూ తప్పు చేశాను. మా ఈబీ కార్డులో 380 యూనిట్లని ఉంది. వెబ్‌సైటు పట్టికలో 300 దాటితే మూడు కిలోవాట్ల పైన పెట్టుకోమని ఉంది. సరే, మాకు పెద్దదే కావాలనుకున్నాను. నాయన నవ్వి, "అది నెల లెక్కమ్మా, మన బిల్లు రెండు నెలలది" అన్నాడు. నెలకు 190 అన్నమాట. ఒక కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, కాబట్టి మాకు రెండు కిలోవాట్లు సరిపోతాయి.

ఒక కంపెనీ 1,40,000 అడిగింది. సబ్సిడీ 60,000 పోతే 80,000. మన రాష్ట్రంలో ఇళ్ళకు మొదటి 100 యూనిట్లు ఉచితం కాబట్టి మా బిల్లు రెండు నెలలకు వెయ్యి రూపాయల దగ్గరే ఉంటుంది, ఏడాదికి ఆరువేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదమూడేళ్ళు!

వేలూరు సత్తువాచ్చేరిలో మా మామ ఇంట్లో రెండు ఏసీలు, గీజరు ఉన్నాయి. రెండు నెలలకు 900 యూనిట్లు, బిల్లు దాదాపు ఆరువేలు. వాళ్ళకు మూడు కిలోవాట్లకు రెండు లక్షలవుతాయి, 78,000 వెనక్కి వస్తుంది. నాలుగైదేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది. ఎక్కువ కాల్చే ఇంటికే ఎక్కువ లాభం. ఇది నాకు కొంచెం బాధగానే అనిపించింది, కానీ లెక్క లెక్కే.

కార్డు మీద పేరు

ఈబీ కార్డు మీదున్న పేరుతోనే దరఖాస్తు చేయాలి. మా కార్డు తాత పేరు మీదుంది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పేరు మార్చడానికి డెత్ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, ఇంటి పన్ను రసీదు తీసి పెట్టాం. సంతకం చేయమంటే అవ్వ, "ఆయన పేరు ఆ ఒక్క చోటే మిగిలుంది. దాన్నీ తీసేస్తారా?" అంది. రెండు రోజులు ఎవరం ఆ మాటే ఎత్తలేదు. మూడోరోజు తనే పిలిచి సంతకం పెట్టింది. పాత కార్డు మాత్రం తన పెట్టెలో పెట్టుకుంది.

మేం చేసింది

మాకు నిజంగా కావలసింది చల్లదనం. కత్తిరి ఎండల్లో అవ్వ రాత్రిళ్ళు లోపల పడుకోలేక వీధి అరుగు మీద పడుకుంటుంది. కప్పు చల్లబరుచుకోవడానికి మా ఇంటికి పనికొచ్చే సబ్సిడీ ఏదీ నాకు కనబడలేదు. తెలంగాణ మాత్రం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. అందులో చెప్పిన సూత్రం మనకూ పనికొస్తుంది: తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. ఒక ఆదివారం తెల్లవారుజామున నేనూ తమ్ముడూ మిద్దె కడిగి, సున్నంలో బంక కలిపి రెండు పూతలు పూశాం. ఖర్చు 1,200. ఆ వారం నుంచి అవ్వ లోపలే పడుకుంటోంది.

పలకల సంగతి, ఇంట్లో ఏసీ వచ్చే రోజున చూద్దామన్నాడు నాయన. అప్పటికి పేరైనా సరిగ్గా ఉంటుంది.

ఈ సెలవుల్లో మీ ఇంటి ఈబీ కార్డు ఒకసారి తీయండి. యూనిట్లను రెండుతో భాగించండి. కార్డు మీద ఎవరి పేరుందో చూడండి. ఆ రెండూ తెలియకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వనివ్వకండి.

— ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, గుడియాత్తం