చేతి కంప్యూటరు కళ్లు తెరవనప్పుడు

సింగపూరు ప్రధాన ద్వీపానికి నైరుతి దిశగా, సముద్రం మీద నిర్మించిన కట్టదారిని దాటితే జురాంగ్ ఐలాండ్ వస్తుంది. ఒకప్పుడు విడివిడిగా ఉండిన ఏడు చిన్న దీవుల నడుమ సముద్రాన్ని పూడ్చి ఏర్పరచిన ఈ ద్వీపాన్ని 2000 అక్టోబరు 14న లాంఛనంగా ప్రారంభించారు. పూడిక పని 2009లో పూర్తి అయినది. చమురు శుద్ధి, రసాయనాల తయారీ ఇక్కడి ప్రధాన వృత్తులు. అనుమతి పత్రం లేనిదే ఎవరికీ ప్రవేశం లేదు. తెల్లవారుజామున బస్సులలో ఈ కట్టదారిని దాటి పనికి వెళ్లేవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. ఈ వ్యాస రచయిత వారిలో ఒకడు.

పూర్వం మా కర్మాగారంలో పీడనం, ఉష్ణోగ్రతల వంటి కొలతలను అట్టపై బిగించిన కాగితం మీద వ్రాసుకొనేవారు. ఇప్పుడా పనికి అరచేతిలో ఇమిడే కంప్యూటరు వచ్చింది. ఒక రాత్రి షిఫ్టులో శ్రీకాకుళం జిల్లా నుండి కొత్తగా వచ్చిన ఒక యువ టెక్నీషియన్ నా వద్దకు వచ్చాడు. అతని ముఖంలో రక్తం లేదు.

"అన్నయ్యా, మొన్ననే ఇచ్చిన కొత్త యంత్రం. రాత్రంతా చార్జింగులో పెట్టాను. దీపమైనా వెలగలేదు. దీని ఖరీదు నా మూడు నెలల జీతమట. నేనే పాడుచేశానంటారేమో!"

"కంగారుపడకు తమ్ముడూ, చూద్దాం" అన్నాను.

"నా సంచిలో పవర్ బ్యాంకు ఉంది. తీగ తగిలించి జేబులో పెట్టుకొని రౌండ్లకు వెళ్తాను. తిరిగివచ్చేలోగా ఎక్కుతుంది కదా?"

అప్పటివరకూ అతని సమస్య ఒక యంత్రానికి సంబంధించినది. ఈ మాటతో అది ప్రాణాలకు సంబంధించినదైనది.

నిప్పురవ్వ కథ

1913 అక్టోబరులో వేల్స్ దేశంలోని సెంఘెనిడ్ బొగ్గుగనిలో పేలుడు సంభవించి 439 మంది గని కార్మికులు మరణించారు. గనిలో సంకేతాలు పంపే విద్యుత్ గంట తీగల నుండి పుట్టిన చిన్న నిప్పురవ్వ అందుకు కారణమై ఉండవచ్చునని నాటి విచారణలో అనుమానించారు. తరువాత జరిగిన పరిశోధనల నుండి ఒక సూత్రం రూపొందినది: పరికరంలో ప్రవహించే శక్తినే పరిమితం చేస్తే, తీగ తెగినా, లోపం ఏర్పడినా, పుట్టే రవ్వకు వాయువును మండించే బలం ఉండదు. దీనినే 'ఇంట్రిన్సిక్ సేఫ్టీ' అంటారు. మనం స్వతస్సిద్ధ భద్రత అనవచ్చును.

హైడ్రోజన్ వాయువు గాలితో తగుపాళ్లలో కలిసినప్పుడు దానిని మండించడానికి 0.02 మిల్లీజౌళ్ల శక్తి చాలును. మన వేలి నుండి తలుపు పిడికి ఎగిరే రవ్వలోని శక్తి కూడా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కనుకనే మండే వాయువులు ఉండగల ప్రదేశాలను మండలాలుగా విభజించి, అక్కడికి ప్రత్యేకంగా ధ్రువీకరించిన పరికరాలనే అనుమతిస్తారు. అట్టి పరికరాన్ని సైతం ప్రమాద మండలంలో చార్జి చేయరాదు, బ్యాటరీని విప్పరాదు. మామూలు పవర్ బ్యాంకుకైతే అక్కడ ప్రవేశమే లేదు.

ఈ సంగతి వివరించగానే ఆ అబ్బాయి పవర్ బ్యాంకును తీసి అల్మారాలో పెట్టేశాడు. తరువాత ఇద్దరమూ కంట్రోల్ రూములో కూర్చొని యంత్రాన్ని పరీక్షించసాగాము.

బ్యాటరీలో జరిగేదేమి?

నేటి చేతి యంత్రాలన్నింటా దాదాపుగా లిథియం అయాన్ బ్యాటరీలే ఉన్నవి. వీటిని 1991లో సోనీ సంస్థ తొలిసారి విపణిలోకి తెచ్చింది. వీటికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. చార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ధనధ్రువాన్ని విడిచి గ్రాఫైటు పొరల నడుమకు చేరుతాయి. వాడేటప్పుడు తిరిగి వెనుకకు వస్తాయి. మన ఊరి బస్సు ఉదయం పట్నానికి వెళ్లి సాయంత్రం తిరిగివచ్చినట్లే!

చార్జరు తొలుత స్థిరమైన విద్యుత్ ప్రవాహాన్ని పంపుతుంది. వోల్టేజి సుమారు 4.2 వోల్టులకు చేరిన పిదప, దానిని అక్కడే నిలిపి ప్రవాహాన్ని క్రమంగా తగ్గిస్తుంది. అందుచేతనే 80 శాతం వరకు త్వరగా నిండి, చివరి 20 శాతం నత్తనడక నడుస్తుంది. అది లోపం కాదు.

అంచెలంచెలుగా పరీక్ష

మొదటిది స్విచ్చి. సింగపూరులోనూ మన దేశంలోనూ గోడ సాకెట్లకు స్విచ్చి ఉంటుంది. అమెరికాలోని సాకెట్లకు సాధారణంగా ఉండదు. అక్కడి నుండి వచ్చిన బంధువులు తమ చార్జరు చెడిపోయిందని తరచుగా పొరపడేది ఇక్కడే.

రెండవది చార్జరు బలం. 4,000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీని 3.7 వోల్టులతో గుణిస్తే సుమారు 15 వాట్-గంటలు. 5 వోల్టులు, అర ఆంపియరు ఇచ్చే పాత చార్జరు సామర్థ్యం రెండున్నర వాట్లు. దానితో నింపడానికి కనీసం ఆరు గంటలు పడుతుంది. తెర వెలుగుతూ యంత్రమే రెండు వాట్లు వాడుకొంటే, బ్యాటరీకి మిగిలేది అర వాటు. అప్పుడు ముప్పై గంటలైనా చాలవు! పిల్లలు ఆటలాడుతూ చార్జింగు పెట్టిన ట్యాబ్లెట్టు నిండకపోవడానికి కారణమిదే.

మూడవది తీగ. రెండు కొసలా టైప్-సి ఉన్న తీగలో, అవతల 5.1 కిలో ఓముల నిరోధకం కనబడితేగాని చార్జరు విద్యుత్తును పంపదు. కొన్ని చౌక యంత్రాలలో ఆ నిరోధకం ఉండదు. అట్టివి ఒక కొస పాత యూఎస్‌బీ ఆకారంలో ఉన్న తీగతోనే చార్జి అవుతాయి. 2019లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై 4 అను చిన్న కంప్యూటరు సైతం ఈ నిరోధకాల అమరికలోని పొరపాటు వలన కొన్ని తీగలతో పనిచేయలేదు. కనుక యంత్రాన్ని శంకించే ముందు తీగను మార్చి చూడవలెను.

నాల్గవది లోహపు మొనలు. సముద్రపు గాలిలోని ఉప్పు, చెమట, దుమ్ము మొనలపై పొరగా పేరుకొంటాయి. యంత్రాన్ని ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలును. కొత్త యంత్రాలలో బ్యాటరీ మొనలపై అంటించిన సన్నని ప్లాస్టిక్ పొరను తీయడం మరచిపోవడం కూడా కద్దు.

ఐదవది ఉష్ణోగ్రత. సాధారణంగా 0 నుండి 45 డిగ్రీల సెల్సియస్ మధ్యనే చార్జింగు జరగాలి. ఎండలో నిలిపిన వాహనంలోని యంత్రం అంతకు మించి వేడెక్కితే, లోపలి రక్షణ వలయం చార్జింగును నిలిపివేస్తుంది. కెనడా చలిలో సున్నాకు దిగువన చార్జి చేస్తే లిథియం లోహంగా పేరుకొని బ్యాటరీకి హాని కలుగుతుంది. రెండు సందర్భాలలోనూ యంత్రాన్ని గది వాతావరణంలో కొంతసేపు ఉంచడమే చికిత్స. వేడెక్కినదానిని శీతల పెట్టెలో పెట్టరాదు.

ఆరవది దీర్ఘనిద్ర. నెలల తరబడి పెట్టెలో పడివున్న బ్యాటరీ వోల్టేజి మరీ పడిపోతే, చార్జరు దానికి మామూలు ప్రవాహంలో పదో వంతు మాత్రమే పంపుతుంది. లంఖణాలు చేసిన రోగికి మొదట పలుచని గంజి పోసినట్లు! ఈ దశలో తెర మీద ఏ గుర్తూ కనబడకపోవచ్చును. అరగంటో గంటో ఓపిక పట్టవలసి ఉంటుంది.

మా అబ్బాయి విషయంలో రెండవ, ఆరవ కారణాలు కలిసినవి. యంత్రం చాలాకాలం గిడ్డంగిలో ఉండినది. దానితో వచ్చిన చార్జరు పిన్నులు ఇక్కడి సాకెట్టుకు సరిపడనందున, తన పాత ఫోను చార్జరును తగిలించాడు. పైగా ఐదేసి నిమిషాలకు ఊడదీసి చూశాడు. సరైన అడాప్టరును అమర్చి, "ఇక ముట్టుకోకు" అని చెప్పి, ఇద్దరమూ టీ త్రాగాము. నలభై నిమిషాలకు ఎర్ర దీపం వెలిగింది. అతని కళ్లలో వెలిగిన దీపం అంతకన్నా పెద్దది. ఆ రాత్రి రౌండ్లకు మళ్లీ కాగితమూ కలమే పట్టుకొని వెళ్లాడు. కొలతలు ఒక్కటీ తప్పిపోలేదు.

కొన్ని జాగ్రత్తలు

నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలంలో, పూర్తిగా ఖాళీ చేసి నింపాలనే అలవాటు ఏర్పడింది. లిథియం బ్యాటరీకి అది అనవసరం, తరచుగా చేస్తే హానికరం. అయితే శాతం అంకె అకస్మాత్తుగా 30 నుండి 5కు దూకుతుంటే, ఒక్కసారి పూర్తిగా వాడి పూర్తిగా నింపితే, ఆ లెక్క సరిపడుతుంది. ఆ అంకె యంత్రం వేసే అంచనాయేగాని ప్రత్యక్షమైన కొలత కాదు. సెలవులకు స్వదేశం వెళ్లేటప్పుడు ఇంట వదలివెళ్లే పరికరాలను సగం చార్జితో ఆపివేయడం మేలు. విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకులను విమానంలో చేతి సామానులోనే ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం చార్జి చేయరాదు, గుచ్చరాదు, చెత్తబుట్టలో వేయరాదు. దానిని నిపుణులకు అప్పగించవలెను.

ఈ జురాంగ్ ఐలాండ్ మీదనే 2023 ఫిబ్రవరిలో సెంబ్‌కార్ప్ సంస్థ 285 మెగావాట్-గంటల విద్యుత్ నిల్వ కేంద్రాన్ని ప్రారంభించింది. మా అబ్బాయి చేతిలోని బ్యాటరీ వంటివి ఒక కోటి తొంభై లక్షలు కలిపితే అంత నిల్వ! అందులో వాడినవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు. ఆ పదార్థపు గుణాన్ని 1997లో ప్రకటించిన గుడెనఫ్ బృందంలో అక్షయ పాఢీ అను భారతీయ శాస్త్రవేత్త ఉండడం మనకు గర్వకారణం. అంత పెద్ద కేంద్రానికైనా, అరచేతి యంత్రానికైనా వేడి, వోల్టేజి, ప్రవాహాల విషయంలో హద్దులు ఉండనే ఉన్నవి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం వెలగనప్పుడు తొందరపడక, సురక్షితమైన చోట కూర్చొని, ఒక్కొక్క కారణాన్నే వెదకడం కూడా ఆ సామెతలోని భాగమే. నేడు ఆ అబ్బాయి తన వెనుక వచ్చిన కొత్తవారికి యంత్రం అందించేటప్పుడు, ముందుగా చార్జరును చూపిస్తాడు. పవర్ బ్యాంకును అల్మారాలో పెట్టించిన తరువాతనే వారిని రౌండ్లకు పంపుతాడు.