పచ్చబొట్టు చెరిపించుకోవాలా? లేజర్ చికిత్సకు వెళ్లే ముందు తెలుసుకోండి

గత వేసవిలో ఒక కుర్రవాడు కుడి జబ్బకు తడిగుడ్డ చుట్టుకొని మా చర్మవ్యాధుల ఓ.పి.కి వచ్చాడు. గుడ్డ విప్పి చూస్తే అరచేయంత మేర చర్మం కాలిపోయి ఉంది. ఆర్మీ ర్యాలీకి పదిహేను రోజులే ఉందట. జబ్బమీద పచ్చబొట్టు ఉంటే తీసుకోరని స్నేహితులు చెప్పడంతో, బాత్రూం కడిగే యాసిడ్‌ను దూదితో అద్దుకున్నాడు. మేము గాయం శుభ్రం చేస్తుంటే కాలిన చర్మం అడుగున పచ్చబొట్టు అక్షరాలు నాలుగూ చక్కగా చదవడానికి వీలుగా కనిపించాయి. చర్మం పోయింది గాని అక్షరాలు పోలేదు.

ఇలాంటివారు మాకు కొత్త కాదు. సున్నం, బట్టలసోడా కలిపి పట్టు వేసుకున్నవారు, నల్లజీడి రసం పూసుకున్నవారు, ఉప్పుతో రక్తం వచ్చేదాకా రుద్దుకున్నవారు వస్తూనే ఉంటారు. కొందరిది ఉద్యోగం తొందర, కొందరిది పెళ్లి తొందర. చేతిమీద ఉన్న పేరు ఎవరిదో, ఎందుకు వేయించుకున్నారో మేము అడగం. తీర్పు తీర్చడం మా పని కాదు. ఎన్నాళ్లలో పోవాలి అని మాత్రం అడుగుతాం. "వచ్చే వారానికి" అనే జవాబు వచ్చిందంటే మా మనసులో భయం మొదలవుతుంది.

లేజర్ యంత్రం మా ఆస్పత్రిలో లేదు. అవసరమైనవారిని అది ఉన్న చోట చర్మవైద్యుల దగ్గరకు పంపిస్తాం. కానీ వెళ్లేముందు సలహాకు, వెళ్లివచ్చాక పుండు చూపించుకోవడానికి చాలామంది మా దగ్గరకే వస్తారు. వారికి రోజూ చెప్పే మాటలనే ఇక్కడ రాస్తున్నాం.

సిరా ఎక్కడ ఉంటుంది?

మన చర్మంలో పైపొరను బాహ్యచర్మం అంటారు. ఇది సుమారు నెల, నెలన్నరకు ఒకసారి కొత్తదవుతుంది. పాత కణాలు మట్టిలాగా రాలిపోతాయి. సిరా ఆ పొరలోనే ఉంటే ఏ పచ్చబొట్టూ రెండు నెలలు నిలిచేది కాదు. సూది దానిని దాటి, కింద ఉన్న అంతశ్చర్మంలో సిరాను దింపుతుంది. అక్కడ మన శరీరాన్ని కాపాడే భక్షక కణాలు ఉంటాయి. బయటినుంచి వచ్చిన సిరా రేణువులను అవి మింగుతాయి. మింగగలవు గాని జీర్ణం చేసుకోలేవు, మోసుకొని పోనూ లేవు. రేణువు వాటికి మించిన బరువు. అందుకని నోట పెట్టుకొని అక్కడే కూర్చుంటాయి. ఒక కణం చనిపోతే అది వదిలిన సిరాను పక్కన పుట్టిన కొత్త కణం అందుకుంటుందని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద జరిపిన పరిశోధనలో చూపించారు. అమ్మమ్మల చేతుల మీద అరవై ఏళ్లనాటి చుక్కలు, తేళ్లు ఇంకా ఉన్నాయంటే కారణం ఇదే.

పూర్వం ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పొడిచిన పచ్చబొట్టులో ముఖ్యమైన సరుకు దీపపు మసి. అంటే నల్లని బొగ్గుపొడి. మరి నల్లమసి పొడిస్తే "పచ్చ"బొట్టు ఎలా అయింది? ఆకుపసరు కలిపినందుకు అనుకుంటారు చాలామంది. పసరు రంగు నిలవదు. చర్మం లోతున ఉన్న నలుపును పైనున్న పొరల గుండా చూసినప్పుడు అది నీలంగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది. చేతిమీద నరాలు పచ్చగా కనిపించడం కూడా ఇటువంటిదే. ఈ సంగతి వైద్యానికి కూడా పనికొస్తుంది. చూడటానికి పచ్చగా ఉన్నా లోపల ఉన్నది మసే కాబట్టి, నానమ్మలనాటి పచ్చబొట్టు లేజర్‌కు తేలికగా లొంగుతుంది. ఈనాటి దుకాణాల్లో యంత్రంతో వేసే రంగురంగుల బొమ్మలే మొండివి.

యాసిడ్ ఎందుకు పనిచేయదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సిరా దాకా చేరాలంటే అది మొదట పైచర్మాన్ని మొత్తం తినేయాలి. చేరాక కూడా సిరాను, చర్మాన్ని వేరుచేసి చూడలేదు. అంత లోతుగా కాలిన చోట మామూలు చర్మం తిరిగి రాదు, మచ్చ వస్తుంది. బజారులో అమ్మే "పచ్చబొట్టు పోగొట్టే క్రీముల" సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు: తేలికవి లోపలికి చేరవు, చేరేంత ఘాటైనవి యాసిడ్‌తో సమానం.

లేజర్ చేసే పని

పచ్చబొట్టు చెరపాలన్న కోరిక పాతదే. 6వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏటియస్ కూడా దానికి మందు రాసిపెట్టాడు. 1960లో మొదటి లేజర్ తయారైన కొద్ది సంవత్సరాలకే అమెరికా వైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ దానిని పచ్చబొట్ల మీద పరీక్షించాడు. చర్మాన్ని కాల్చకుండా లోపలి రంగును మాత్రమే ఎలా కొట్టాలన్న సూత్రాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు వివరించారు. ఈనాటి యంత్రాలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

సూత్రం కష్టమైనది కాదు. ఎండలో నల్లబండ, తెల్లబండ పక్కపక్కనే ఉంటే ఏది ఎక్కువ కాలుతుందో చెప్పులు లేకుండా నడిచినవారికి తెలుసు. అలాగే లేజర్ కాంతిని చర్మం కంటే సిరా ఎక్కువగా పీల్చుకుంటుంది. రెండవది వేగం. కాంతిని ఎక్కువసేపు ఇస్తే సిరాలోని వేడి చుట్టూ పాకి చర్మం కాలుతుంది. కాబట్టి ఒక సెకనును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో 5 నుంచి 10 భాగాలంత సేపు మాత్రమే కాంతి వెలిగి ఆరిపోతుంది. చల్లని గాజుగ్లాసులో సలసల కాగే నీళ్లు పోస్తే పగిలినట్టు, అంత తక్కువ సమయంలో వేడెక్కిన సిరా రేణువు పగిలి ముక్కలవుతుంది. అంతకంటే ఇంకా వేగమైన పికోసెకండ్ లేజర్లకు అమెరికాలో 2012లో అనుమతి లభించింది. కొన్ని పచ్చబొట్లకు వాటితో సిట్టింగులు తగ్గవచ్చు, ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇక్కడ ఒక మాట శ్రద్ధగా చదవండి. లేజర్ సిరాను చెరపదు, ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను తీసుకుపోవలసింది మీ శరీరమే. చిన్నవైపోయిన రేణువులను భక్షక కణాలు, శోషరస నాళాలు నెమ్మదిగా మోసుకుపోతాయి. కొంత సిరా చంకలో, గజ్జల్లో బిళ్లలు కట్టే చోట ఉండే గ్రంథులకు చేరుతుంది, కొంత పైన కట్టిన పక్కులతో పాటు రాలిపోతుంది. ఈ మోత వారాల తరబడి సాగుతుంది. అందుకే రెండు సిట్టింగుల మధ్య 6 నుంచి 8 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ, ఆగాలి. డబ్బు ఎక్కువ ఇచ్చి వారానికి ఒకసారి కొట్టించుకుంటే త్వరగా పోతుందనుకోవడం పొరపాటు. పుండుమీద పుండు పడి మచ్చ మిగులుతుంది.

ఎన్నిసార్లు వెళ్లాలి?

మసితో పొడిచిన పాత పచ్చబొట్లు, స్నేహితులు సరదాకు పొడిచినవి మామూలుగా నాలుగు నుంచి ఆరు సిట్టింగులలో బాగా వెలిసిపోతాయి. యంత్రంతో ఒత్తుగా వేసినవాటికి ఎనిమిది, పది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. ఆరు సిట్టింగులంటే మధ్యలో ఐదు విరామాలు, అంటే ఏడు నుంచి తొమ్మిది నెలలు. పది సిట్టింగులైతే ఏడాది దాటుతుంది. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక కాదు, సంబంధాలు చూడటం మొదలుపెట్టకముందే రమ్మని మేము అనేది ఇందుకే.

చోటును బట్టి కూడా తేడా ఉంటుంది. మెడ, ఛాతీ మీద ఉన్నవి త్వరగా తగ్గుతాయి. రక్తప్రసరణ తక్కువగా ఉండే కాళ్లు, చేతి వేళ్ల మీద ఉన్నవి ఆలస్యంగా తగ్గుతాయి. పొగతాగేవారికి ఫలితం బాగా తక్కువగా ఉందని ఇటలీ వైద్యుల అధ్యయనంలో తేలింది. ఇంతకుముందే యాసిడ్‌తో కాల్చుకొని మచ్చ పడిన చోట సిరా ఆ మచ్చలో చిక్కుకొని ఉంటుంది, లేజర్‌కు కూడా సరిగా లొంగదు. మా కుర్రవాడి కష్టం రెండింతలైంది అక్కడే.

రంగు కూడా చూడాలి. నలుపు, ముదురు నీలం అన్నిటికంటే సులభం. ఎరుపుకు వేరే కాంతి కావాలి. ఆకుపచ్చ, లేత నీలం రంగులకు మరోరకం లేజర్ కావాలి. పసుపు మొండిది. తెలుపు, చర్మపు రంగు సిరాలు లేజర్ తగలగానే నల్లబడవచ్చు. కనుక ముందు ఒక మూల చిన్న చుక్కంత చోట కొట్టి చూడమని అడగండి.

మనవంటి చామనఛాయ, నలుపు శరీరాలవారికి ఒక జాగ్రత్త ఉంది. మన చర్మంలో సహజంగా ఉన్న మెలనిన్ కూడా రంగే, లేజర్ దానిని కూడా పట్టుకోగలదు. కాంతి తరంగం పొడవైతే ఈ ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి మనకు ఎక్కువగా వాడేది 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజర్. ఎర్రసిరాకు వాడే 532 నానోమీటర్ల కాంతితో తెల్లమచ్చలు పడే అవకాశం ఎక్కువ. బ్యూటీపార్లర్లలో వెంట్రుకలు తీసే యంత్రంతో "ఇదీ లేజరే" అని పచ్చబొట్టు మీద కొట్టించుకున్నవారి కాలిన గాయాలకు మేము కట్లు కట్టాం. దాని కాంతి సెకనులో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. అది రేణువును పగలగొట్టదు, చుట్టూ ఉన్న చర్మాన్ని ఉడికిస్తుంది. చేసేది చర్మవైద్యులేనా, యంత్రం ఏ రకం అని అడగడానికి మొహమాటపడకండి.

ఆ రోజు, ఆ తరువాత

ముందుగా మత్తు క్రీము రాసి సుమారు గంటసేపు ఉంచుతారు. మీ కళ్లకు, అక్కడున్న అందరి కళ్లకు ప్రత్యేక అద్దాలు పెడతారు. అద్దాలు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి, ఈ కాంతి చూపు పోగొట్టగలదు. కొట్టేటప్పుడు టప్ టప్ మని చప్పుడు వస్తుంది. పోపులో ఆవాలు చిట్లి చేతిమీద పడ్డట్టు చురుక్కుమంటుంది. చిన్న పచ్చబొట్టయితే కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది. తగిలిన చోట చర్మం వెంటనే సున్నం రాసినట్టు తెల్లబడుతుంది. పచ్చబొట్టు పోయిందని సంబరపడవద్దు. అవి లోపల లేచిన గాలిబుడగలు, పావుగంట, ఇరవై నిమిషాల్లో సర్దుకుంటాయి. అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి.

ఆ తరువాత ఎరుపు, వాపు, ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు రావచ్చు. బొబ్బలను సూదితో గుచ్చకండి. మెత్తని సబ్బుతో కడిగి, తడి అద్ది, వైద్యులు రాసిన ఆయింట్‌మెంట్ పూసి, అంటుకోని గుడ్డతో కట్టుకోండి. పసుపు, బూడిద, టూత్‌పేస్ట్ వద్దు. పక్కులను గోకవద్దు, ఒకటి రెండు వారాల్లో వాటంతట అవే రాలతాయి. చీము, జ్వరం, రోజురోజుకు పెరిగే నొప్పి ఉంటే వెంటనే దగ్గరలోని ఆస్పత్రికి రండి. ఎండ తగలకుండా పొడుగుచేతుల చొక్కా వేసుకోవడం అన్ని క్రీములకన్నా చవక.

మానిన చోట కొంతకాలం నల్లగా ఉండవచ్చు, నెలల్లో తగ్గుతుంది. కొందరికి తెల్లబడుతుంది. దానిని చూసి బొల్లి వచ్చిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అది బొల్లి కాదు, అంటుకునేది కాదు. చాలామందికి క్రమంగా రంగు తిరిగి వస్తుంది, కొందరికి మిగిలిపోతుంది. పూర్తిగా చెరిగిపోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. పలుచని నీడ మిగలవచ్చు.

గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగాలి. చిన్న గాయమైనా మచ్చ ఉబ్బి గట్టిపడే శరీరతత్వం ఉన్నవారు, షుగరు అదుపులో లేనివారు, మొటిమలకు మాత్రలు మింగుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎర్రసిరా ఉన్న చోట దురద, దద్దు ఉంటే లేజర్ కొట్టించుకోకముందే చూపించండి, అలర్జీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. పచ్చబొట్టు మధ్యలో పుట్టుమచ్చ ఉంటే దానిమీద కొట్టకూడదు. జాతరలో ఒకే సూదితో పదిమందికి పొడిచినచోట వేయించుకున్నవారు హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలు చేయించుకోవడం మంచిది.

ఆర్మీకి వెళ్లదలచిన అబ్బాయిలు ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ చదవాలి. సైన్యం నియమాలలో ముంజేయి లోపలివైపు, అరచేతి వెనుకభాగంలో ఉన్న పచ్చబొట్లకు అనుమతి ఉంది. గిరిజన తెగలవారికి వారి ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. మిగతాచోట్ల ఉంటేనే ఇబ్బంది. తీయనక్కరలేని పచ్చబొట్టును తీయించుకోవడానికి వచ్చి, ఈ మాట విని నవ్వుకుంటూ వెళ్లినవారు కూడా ఉన్నారు.

మొదటి సిట్టింగుకు ముందు పగటి వెలుతురులో ఒక ఫోటో తీసి దాచుకోండి. రోజూ చూసే చేతిమీద మార్పు మన కళ్లకు ఆనదు. మూడో సిట్టింగు అయ్యాక "ఏమీ తగ్గలేదు, మానేస్తాను" అన్నవారికి ఆ ఫోటోను పక్కన పెట్టి చూపిస్తాం. మా కుర్రవాడి గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ ర్యాలీ దాటిపోయింది. ఇప్పుడు లేజర్ చేయించుకుంటున్నాడు, రెండు సిట్టింగులు అయ్యాయి. నాలుగు అక్షరాల్లో చివరిది వెలిసింది. యాసిడ్ పడని అక్షరం అదొక్కటే.